బాల్కనీ కుండీల్లో మిరపకు ఆకుముడత, పూత రాలడం

సందేహం:
సభ్యులందరికీ నమస్కారం. మేము హైదరాబాదులో ఐదో అంతస్తులో ఉంటున్నాము. పడమటి ఎండ పడే మా బాల్కనీలో మిరప, టమాటా, పుదీనా పెంచుతున్నాము. ఫిబ్రవరి దాకా మిరప చక్కగా కాసింది. ఇప్పుడు లేత ఆకులు ముడుచుకుపోతున్నాయి, వచ్చిన పూత వచ్చినట్టే రాలిపోతోంది. రోజూ ఉదయం నీరు పోస్తున్నా మధ్యాహ్నానికి మొక్కలు వాడిపోతున్నాయి. దుకాణంలో ఒక పురుగుమందు ఇచ్చారు గానీ, ఇంట్లో వండుకునే కాయలు కనుక చల్లడానికి మనసు ఒప్పడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
నమస్కారమండీ. మీరు మందు చల్లకుండా ఆగడమే మంచిదైంది, ఎందుకంటే ఆకుముడతకు కారణాలు వేరువేరుగా ఉంటాయి, ఒకదానికి వాడే మందు మరొకదానికి పనిచేయదు. మిరప రైతులు దీనిని పైముడత, కిందిముడత అని విడదీసి చెబుతారు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా కనిపిస్తే తామర పురుగులు (త్రిప్స్ అనే చాలా చిన్న సన్నని పురుగులు) రసం పీలుస్తున్నాయని అర్థం. అంచులు కిందికి ముడుచుకొని, ఆకు కాడలు సాగి, ఆకులు ముదురాకుపచ్చగా మారితే అది తెల్లనల్లి (కంటికి సరిగా కనిపించనంత చిన్న నల్లి) పని. ఇవి రెండూ కాక ఆకులు చిన్నవై, పసుపుబారి, మొక్క గిడసబారిపోతే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ అయి ఉండవచ్చు; దానికి మందు లేదు కనుక ఆ మొక్కను పీకివేయడమే మిగిలినవాటికి రక్ష.

ఒక తెల్ల కాగితం మీద పూలను తట్టి చూడండి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలోనే దాగి ఉంటుంది. పైముడత అయితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీటిలో కలిసేలా కొద్దిగా సబ్బు ద్రావణం చేర్చి, ఎండ తగ్గాక ఆకుల అడుగుభాగం తడిసేలా వారానికొకసారి చల్లండి. మొక్కల మధ్య నీలిరంగు జిగురు అట్ట వేలాడదీస్తే పురుగు ఉనికి తెలుస్తూ ఉంటుంది. కిందిముడత అయితే నీటిలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు చాలు. అయితే వేపనూనె చల్లిన రెండు వారాలలోపు గంధకం చల్లకూడదు, మండుటెండలో అసలే చల్లకూడదు, ఆకులు మాడిపోతాయి.

రెండో సమాధానం:
పురుగు సంగతి పైవారు వివరంగా చెప్పారు. నాకు మాత్రం మధ్యాహ్నం వాడిపోవడమే అసలు సమస్యగా తోస్తోంది, ఎందుకంటే నీటి ఎద్దడితో నీరసించిన మొక్క మీదే తామర పురుగు, నల్లి త్వరగా పెరుగుతాయి. మీరు నీరు పోయగానే అడుగు రంధ్రం నుంచి కారిపోతోందా? కొబ్బరిపొట్టు ఎక్కువగా కలిపిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే కుండీ అంచు నుంచి విడిపోతుంది, ఆ సందులోంచి నీరు జారిపోయి వేళ్ల దగ్గర పొడిగానే మిగులుతుంది.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. మీరు చెప్పినట్టే నీరు వెంటనే కారిపోతోంది, మట్టికీ కుండీకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. ఆకులు పైకే ముడుచుకున్నాయి. కుండీ అంచున తెల్లటి పొర కూడా కట్టింది; మాది బోరు నీరు.

రెండో సమాధానమిచ్చినవారు:
అయితే ముందు కుండీని నీళ్ల టబ్బులో అరగంట ఉంచండి, అడుగు నుంచి తడి పైదాకా ఎక్కుతుంది. తరువాత బయట నీరు ఓడనిచ్చి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి ఆ సందును నింపి, పైన ఎండుటాకులు పరవండి. తెల్లటి పొర బోరు నీటిలోని లవణాలది. నెలకొకసారి అడుగు నుంచి ధారాళంగా కారేంతవరకు నీరు పోసి కడిగేయండి, వాననీరు దొరికితే మరీ మంచిది. ఎండాకాలమంతా మధ్యాహ్నం నుంచి 50 శాతం నీడనిచ్చే పచ్చవల కట్టండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే మిరప పూత కొంత రాలుతూనే ఉంటుంది, అందుకని ఎరువు పెంచవద్దు. నత్రజని ఎక్కువైతే లేత చిగుళ్లు వచ్చి పురుగుకు మేతవుతాయి. మొక్క వాడినప్పుడల్లా నీరు పోయవద్దు, రెండంగుళాల లోతున వేలితో తాకి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. టమాటా కాయల అడుగు నల్లబడుతున్నా సాధారణంగా ఈ ఎండటం, తడవటం వల్లనే. తేమ ఒకే తీరుగా ఉంటే కొత్త కాయలు బాగుపడతాయి.