చెరువు ఎదుట ఇల్లు: పిట్టల కోసం అద్దం గోడ పెట్టొచ్చా?

గట్టుమీదిగూడు: సంగారెడ్డి వైపు చెరువుకెదురుగా 300 గజాలు కొన్నాం. పై అంతస్తులో పడమటి గోడంతా అద్దం పెట్టి, మంచం మీంచే నీటికోళ్లనీ లకుముకిపిట్టలనీ చూడాలని మా ఆవిడ కోరిక. ప్లాన్ ఎలా గీయించమంటారు?

పికిలిపిట్ట: అద్దం వద్దండీ. అందులో చెట్లు, ఆకాశం కనిపిస్తే నిజమనుకుని పిట్టలు వచ్చి గుద్దుకుంటాయి. తప్పదంటే బయటివైపు చుక్కలు అంటించండి, చుక్కకీ చుక్కకీ మధ్య 5 సెంటీమీటర్లు మించకూడదు. లోపలివైపు అంటిస్తే ప్రతిబింబం పోదు. ఒక్క గద్ద బొమ్మ అతికించి ఊరుకుంటే లాభం లేదు.

మేస్త్రీగారబ్బాయి: పడమటికి అద్దమా? మే నెలలో మీరే వేగిపోతారు. వసారా దించుకోండి.

గట్టుమీదిగూడు: వసారాలో దోమలు కదా.

పికిలిపిట్ట: దోమల్లేని చెరువు కావాలంటే ఫొటో పెట్టుకోండి. చుక్కల సంగతి చెప్పండి ముందు.

శిఖంబాధితుడు: ముందు హద్దు చెప్పండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పరిధిలో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు వదలాలి, చిన్నదైతే 9. మా బావమరిదికీ ‘లేక్ వ్యూ’ అంటూ శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, అంటగట్టారు. ఇల్లు లేదు, ఈఎంఐ మాత్రం నెలనెలా పోతోంది.

గట్టుమీదిగూడు: మీ బావమరిది కథ నాకెందుకు? పర్మిషన్లన్నీ ఉన్నాయి. అడిగింది అద్దం గురించి.

పికిలిపిట్ట: అద్దం గురించి చెప్తే వినరు.

గట్టుమీదిగూడు: పిట్టలంటే ప్రాణం కాబట్టే కదా అంత డబ్బు పోసింది! అపార్ట్‌మెంట్‌లో పావురాల వలలు కట్టుకునేవాళ్లు నాకు చెప్పేదేంటి?

చిలమత్తూరుచింత: కోపం దేనికన్నా. మా వైపు వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. జనం ఆ రెట్ట, ఆ కంపు భరిస్తారు. అక్కడ కొంగలే జనం దగ్గరికొచ్చాయి. నువ్వు వాటి మేత దగ్గరికెళ్తున్నావ్. ఎండాకాలం నీళ్లు తగ్గితే తేలే అంచు బురదలోనే ఉల్లంకిపిట్టలు పురుగులేరుకునేది. నీ పక్క ప్లాట్లవాళ్లంతా మట్టి తోలి ప్రహరీలు కడితే నీ అద్దంలోంచి ఏం చూస్తావ్?

గట్టుమీదిగూడు: నేను మానేస్తే ఆ ప్లాటు ఇంకొకడు కొంటాడు. వాడు పిట్టల్ని చూడను కూడా చూడడు.

శిఖంబాధితుడు: మా బావమరిదీ ఇదే మాటన్నాడు. సర్వే నంబరు పెట్టండి, మ్యాపులో చూద్దాం.

గట్టుమీదిగూడు: పెట్టను.