క్యూబా మిసైల్ క్రైసిస్ ప్రాజెక్టుకి ఒరిజినల్ డాక్యుమెంట్లు ఫ్రీగా ఎక్కడ దొరుకుతాయి?

వరంగల్_పీజీ:
అందరికీ నమస్తే. నేను ఎంఏ హిస్టరీ ఫైనల్ ఇయర్, ప్రాజెక్టుకి 1962 క్యూబా మిసైల్ క్రైసిస్ (సోవియట్ యూనియన్ క్యూబాలో అణు మిసైళ్ళు పెట్టినప్పుడు అమెరికాతో వచ్చిన గొడవ) తీసుకున్నా. మా గైడ్ మేడం సినాప్సిస్ చూసి "ఇదంతా టెక్స్ట్‌బుక్కుల్లో ఉన్నదే కదమ్మా, ప్రైమరీ సోర్సులు ఏవి" అని వెనక్కి ఇచ్చేశారు. లైబ్రరీలో చూస్తే అన్నీ పోటీ పరీక్షల పుస్తకాలే, గూగుల్ కొడితే యూట్యూబ్ వీడియోలు వస్తున్నాయి, ఏదన్నా మంచి ఆర్టికల్ కనపడితే డాలర్లలో కట్టమంటోంది. ఇంటి నుంచి డబ్బులు కట్టకుండా చదివే సైట్లు ఉంటే చెప్పండి ప్లీజ్. నాకు రష్యన్ రాదు, మరి సోవియట్ వైపు సంగతులు ఎలా?

గుంటూరు_లెక్చరర్:
అమ్మా, కంగారు పడకండి, ఈ టాపిక్‌కి ఆన్‌లైన్‌లో బోలెడంత ఉంది. ముందు అమెరికా విదేశాంగ శాఖలో హిస్టోరియన్ ఆఫీసు సైట్ తెరవండి. ఫారిన్ రిలేషన్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ అని 1861 నుంచి వేస్తున్న సిరీస్, అందరూ ఫ్రస్ అంటారు. అందులో 1961-63 సెట్ తీస్తే 6వ వాల్యూమ్ మొత్తం అమెరికా ప్రెసిడెంట్ కెనడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు, 11వది మీ క్రైసిస్సే. లాగిన్ కూడా అడగదు.

సోవియట్ వైపుకి విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్. మాస్కో కాగితాలు ఇంగ్లీషులోకి అనువాదం చేసి పెట్టారు కాబట్టి రష్యన్ రాదని దిగులు అక్కర్లేదు.

అయితే సైట్ల లిస్టు రాసుకుని అన్నీ డౌన్‌లోడ్ చేసేసుకుంటే ప్రాజెక్టు అవదమ్మా, ఒక్క సంఘటన పట్టుకుని రెండు వైపుల కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి. ఉదాహరణకి అక్టోబర్ 27 రాత్రి. ప్రెసిడెంట్ తమ్ముడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ని పిలిపించుకుని మాట్లాడారు. ఆ రాత్రి దోబ్రినిన్ మాస్కోకి పంపిన టెలిగ్రాం విల్సన్ సెంటర్ సైట్‌లో ఉంది, టర్కీలో ఉన్న అమెరికా మిసైళ్ళు నాలుగైదు నెలల్లో తీసేస్తాం కానీ బయటికి చెప్పలేం అని రాబర్ట్ అన్నట్టు అందులో స్పష్టంగా ఉంటుంది. అదే మీటింగ్ గురించి రాబర్ట్ అక్టోబర్ 30న విదేశాంగ మంత్రి రస్క్‌కి రాసిన మెమో ఫ్రస్ 11లో ఉంది, అది చదివితే క్యూబా మిసైళ్ళకి బదులుగా టర్కీవి తీసే బేరమే కుదరదని చెప్పినట్టు ఉంటుంది, నాలుగైదు నెలలు అన్న వాక్యాన్ని గీత కొట్టేశారు కూడా. ఆ తర్వాత రాబర్ట్ పేరు మీద 1969లో వచ్చిన పుస్తకంలోనూ ఈ ఒప్పందం సంగతి దాచారు, దాన్ని ఎడిట్ చేసిన కెనడీ సలహాదారు సోరెన్సన్ 1989లో మాస్కో కాన్ఫరెన్సులో ఆ ముక్క తనే తీసేశానని ఒప్పుకున్నారు. 1963 ఏప్రిల్ కల్లా టర్కీ మిసైళ్ళు నిజంగానే వెళ్ళిపోయాయి. ఈ మూడూ పోల్చి నాలుగు పేజీలు రాయండి, మేడం ఇంక టెక్స్ట్‌బుక్ మాట ఎత్తరు.

డల్లాస్_రవి:
లెక్చరర్ గారు చెప్పిన దానికి చిన్న యాడింగ్. కెనడీ క్యాబినెట్ రూంలో మాటల్ని రహస్యంగా టేపు చేయించేవాడు, వర్జీనియా యూనివర్సిటీ మిల్లర్ సెంటర్ సైట్‌లో ఆ ఆడియోలు ఉన్నాయి, ట్రాన్‌స్క్రిప్టులు కూడా. 27న మీటింగ్ వినండి, టర్కీ మిసైళ్ళు ఇచ్చేద్దాం అన్న మాట మీద ప్రెసిడెంట్ ఒక వైపు, సలహాదారులు చాలామంది ఇంకో వైపు, అది పేపర్ మీద చదివితే అంత తెలియదు. క్యూబా వాళ్ళ వైపు చూడాలంటే జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉన్న నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ చూడండి, 2002 హవానా కాన్ఫరెన్సు అప్పుడు బయటికొచ్చిన కాగితాలు పెట్టారు. పేరు చూసి ప్రభుత్వ ఆఫీసు అనుకోకండి, ప్రైవేటు సంస్థ, అమెరికా సమాచార చట్టం కింద పోరాడి పత్రాలు బయటికి తెప్పిస్తారు.
డబ్బులడిగే ఆర్టికల్స్‌కి జేస్టోర్‌లో (జర్నల్ ఆర్టికల్స్ ఉండే సైట్) ఫ్రీ అకౌంట్ తీసుకోండి, నెలకి 100 దాకా ఆన్‌లైన్‌లో చదవనిస్తుంది.

కాకినాడ_సత్య:
ఇండియా యాంగిల్ కూడా పెట్టండి అక్కా, మన వాళ్ళు ఎవ్వరూ అది రాయట్లేదు. క్యూబా గొడవ నడుస్తున్నప్పుడే అక్టోబర్ 20న చైనా మన మీద దాడికి దిగింది, ఒకే నెలలో రెండు. ఫ్రస్‌లోనే 19వ వాల్యూమ్ దక్షిణాసియా, నెహ్రూ నవంబర్ 19న కెనడీని సహాయం అడిగిన సంగతి దాంట్లోదే. మన వైపుకి పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో లోక్‌సభ చర్చలు స్కాన్ చేసి పెట్టారు, చైనా దాడి మీద చేసిన 1962 నవంబర్ 14 తీర్మానం చుట్టూ జరిగిన చర్చ చూడండి. ఆ రోజుల పేపర్లు కావాలంటే ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ళ ట్రోవ్ ఫ్రీ, ఎక్కువ పేపర్లు 1954తో ఆగిపోతాయి గానీ కాన్‌బెర్రా టైమ్స్ మాత్రం 1962 కూడా ఉంది.

వరంగల్_పీజీ:
చాలా చాలా థ్యాంక్స్ అందరికీ, దోబ్రినిన్ టెలిగ్రాం ఇప్పుడే ఓపెన్ చేశా, నిజంగానే నాలుగైదు నెలలు అని ఉంది!! ఒక్క డౌట్ సార్, ఫుట్‌నోట్‌లో వెబ్‌సైట్ లింక్ పెడితే సరిపోతుందా?

గుంటూరు_లెక్చరర్:
లింక్ ఒక్కటే వద్దమ్మా. ఎవరు ఎవరికి రాశారు, తేదీ, వాల్యూమ్, డాక్యుమెంట్ నంబరు రాసి చివర్లో లింక్ పెట్టండి. ఫ్రస్‌లో ప్రతి కాగితానికీ సోర్స్ నోట్ ఉంటుంది, అసలు ప్రతి ఏ ఆర్కైవ్‌లో ఉందో అందులో చెప్తారు, అది కూడా రాసుకోండి. వాడుకున్న ప్రతి పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసి పెట్టుకోండి, వైవాకి వెళ్ళేలోపు సైట్ అడ్రసు మారినా మీ చేతిలో కాపీ ఉంటుంది.