బోన్సాయ్ కుండీకి టెర్రకోటా చాలదా?

జువ్విమొక్క: ఫైకస్‌కి 30 సెం.మీ. పొడవు కుండీ మట్టి పలకలతో చేస్తున్నా. టెర్రకోటాతో 950 డిగ్రీలకు కాలిస్తే సరిపోతుందా, ఎక్కువ వేడికి గట్టిపడి నీళ్లు పీల్చని స్టోన్‌వేర్ మట్టితో 1220కి పోవాలా? మొదటిది ఎండుతుండగానే మూలలు పైకి లేచాయి. ఉండేది బెంగళూరు.

పలకలబల్ల: స్టోన్‌వేరే. టెర్రకోటా గోడ నీళ్లు పీలుస్తుంది. మన బోరు నీళ్ల ఉప్పు బయటివైపు తెల్లగా పేరుకుని, అక్కడే పొలుసులు రాలతాయి. గోడ 8 మి.మీ., అడుగుభాగం 10, మట్టిలో 20 శాతం గ్రాగ్ (కాల్చి పొడి చేసిన మట్టి). ఎండి కాలేసరికి 12 శాతం కుంచించుకుంటుంది కాబట్టి 34 సెం.మీ.కి కొయ్యండి.

ఆవంపొగ: ఎవరి మట్టికండీ 12? ముందు తడిమట్టి పట్టీ మీద 10 సెం.మీ. గీత గీసి, కాల్చి కొలవమనండి. జపాన్‌లో బోన్సాయ్ కుండీలు చేసే టోకోనామేలో అంత కాల్చేది చలికి నీళ్లు గడ్డకట్టి పగలకుండా. బెంగళూరులో ఆ చలెక్కడుంది?

పలకలబల్ల: చలి మాట నేనెత్తలేదు, ఉప్పన్నాను. 5 సెం.మీ. లోతు టెర్రకోటా ఏప్రిల్‌లో మధ్యాహ్నానికే ఎండిపోతుంది, అదీ చూడండి.

బాల్కనీతోట: బెజ్జాలు ఎన్ని?

పలకలబల్ల: నీటికి 18 మి.మీ.వి రెండు, మొక్కను కట్టే లోహపు తీగకి 4 మి.మీ.వి నాలుగు. కాలాక కొలతలివి.

ఆవంపొగ: 34, 12, 18... అసలు అడిగింది వంకర గురించి. అంచులు ముందు ఎండితే మూలలు లేస్తాయి. అంచులకు తడిబట్ట చుట్టి, కింద న్యూస్‌పేపర్ వేసి, పైన ప్లాస్టిక్ కప్పి రెండు వారాలు ఆరనివ్వండి. 1220కి పోతే ఇంకో తంటా: మట్టి మెత్తబడి కుండీ కాళ్ల మధ్య అడుగుభాగం కుంగుతుంది. నడుమ అదే మట్టితో చేసిన పచ్చి దిమ్మ పెట్టాలి, కుండీతో పాటు అదీ కుంచించుకోవాలి. ఈ సంగతి చెప్పకుండా స్టోన్‌వేర్ అనేస్తే ఎలా?

పలకలబల్ల: అడుగుతే చెప్పేవాణ్ణి. మీకు ఎక్కువ వేడంటేనే పడదు.

ఆవంపొగ: పడక కాదు, దొరక్క! ఎలక్ట్రిక్ కిల్న్ ఉన్నవాళ్లే కుండీ చెయ్యాలా? బెంగళూరు కుమ్మరుల పేట పాటరీ టౌన్ కట్టెల ఆవంలో 1220 రాదు. మీ లెక్కన అక్కడ కాల్చేవన్నీ పూలతొట్లేనా?

పలకలబల్ల: అలా మొదటే అనొచ్చుగా. కిల్న్ లేకపోతే టెర్రకోటాయే చెయ్యండి, కానీ గోడ 12 మి.మీ. ఉంచి, నెలకోసారి వాననీళ్లు ధారగా పోసి ఉప్పు దించండి. దాన్నే స్టోన్‌వేర్‌తో సమానమనకండి.

ఆవంపొగ: సమానమని ఎవరన్నారు?

జువ్విమొక్క: లోపల గ్లేజ్ (గాజుపూత) వద్దని ఇద్దరూ ఒప్పుకుంటారా?

పలకలబల్ల: వద్దు. అంచు నుంచి లోపలికి 2 సెం.మీ. దాకా పర్వాలేదు.

ఆవంపొగ: 2 ఎందుకండీ, 1 చాలు.