రాచపుండు అంటే షుగరా, క్యాన్సరా? వంశవృక్షంలో ఏం రాయాలి?

పెన్నా ఒడ్డు:
అటక సర్దతా ఉంటే ముత్తాత కాలం నాటి పద్దు పుస్తకం దొరికింది. వడ్ల లెక్కల మధ్యలో ఒక లైను, "శ్రీముఖ నామ సంవత్సర మాఘ శుద్ధ నవమి, నాయన గారు రాచపుండు చేత శివసాయుజ్యం" అని. లెక్కేస్తే 1934 జనవరి. వంశవృక్షం యాప్‌లో చావుకి కారణం అని ఒక గడి ఉంది కదా, మా బావ అందులో క్యాన్సర్ అని కొట్టేశాడు, నాకేమో మనసొప్పడం లేదు. ఏం రాయమంటారు?

గోదారి గట్టు:
క్యాన్సరేనండి, డౌటెందుకు. మా పెద్దమ్మకి రొమ్ములో గడ్డొస్తే ఊళ్ళో అందరూ రాచపుండనే అన్నారు. ఈ కాలం పిల్లలకి అర్థం కాని మాట రాసి ఏం లాభం చెప్పండి.

మందుల చీటీ:
ఆగండాగండి. నేను డాక్టర్‌ని. వీపు మీదో మెడ వెనకో లేచే పెద్ద సెగ్గడ్డని కూడా రాచపుండు, రాచకురుపు అనేవాళ్ళు, జల్లెడలా నాలుగైదు నోళ్ళు పడి చీము కారుతుంది, మేం కార్బంకిల్ అంటాం. షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువ. అలాగని అది లేచిన ప్రతివాడికీ షుగర్ ఉందని కాదు, పెన్సిలిన్ రాకముందు ఆ విషం రక్తంలోకి ఎక్కితే షుగర్ లేనివాడు కూడా పోయేవాడు. 90 ఏళ్ళ కిందట పోయిన మనిషికి ఇప్పుడు జబ్బు పేరు పెట్టడం నా వల్లయితే కాదు, ఉన్న మాట ఉన్నట్టు ఉంచండి.

పల్నాటి పిల్ల:
నేనొప్పుకోను డాక్టర్ గారూ. మా ఇంట్లో పాత పంచాంగం అంచున "కాళయుక్తి ఆశ్వయుజం, సన్నిపాతం" అని ముగ్గురి పేర్లున్నాయి, ముగ్గురూ పన్నెండు రోజుల్లో పోయారు, ముగ్గురూ వయసులో ఉన్నవాళ్ళే. కాళయుక్తి ఆశ్వయుజం అంటే 1918 అక్టోబర్. ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చేసిన రోజులవి, దేశంలో కోటి మందికి పైగా పోయారు, సర్కారు లెక్కల్లో కూడా ఆ చావులు చాలావరకు జ్వరాల కిందే పడ్డాయి. నేను ఇన్‌ఫ్లుయెంజా అనే రాశా, తప్పేంటి?

మందుల చీటీ:
తప్పని అనను, కానీ సన్నిపాతం అంటే వాత పిత్త కఫాలు మూడూ ఒక్కసారే చెడ్డాయని. జ్వరంలో సంధి మాటలు మొదలైతే టైఫాయిడ్ అయినా న్యుమోనియా అయినా మెదడుకెక్కిన మలేరియా అయినా సన్నిపాతమే అనేవాళ్ళు. మీ దగ్గర నెల ఉంది, ముగ్గురు పోయారు, వయసులు తెలుసు, అంచనాకి బలముంది. ఇక్కడ ఉన్నది ఒక్క మాట.

పాలమూరు పోరడు:
మా ముత్తాత కాయితం ఉర్దూల ఉంది, బుఖార్ అని ఒక్కటే ముక్క. మీరే నయం, కొట్లాడుకునేటందుకన్నా ఏదో ఉంది 😀

గోదారి గట్టు:
సరే, క్యాన్సర్ మాట వెనక్కి తీసుకుంటా. కానీ షుగర్ అయితే మటుకు రాయాల్సిందేనండి, వంశంలో దిగే జబ్బు కదా, రాచపుండు అని రాసి ఊరుకుంటే రేపు మీ పిల్లలకి ఎలా తెలుస్తుంది?

పెన్నా ఒడ్డు:
ఇప్పుడే మా మేనత్తకి ఫోన్ చేశా, 86 ఏళ్ళు ఆమెకి, ఆమె చూడలేదు గానీ వాళ్ళ నాయనమ్మ చెప్తా ఉండేదంట. వీపు మీదే లేచిందంట, వేపాకు నూరి కట్టేవాళ్ళంట, నెల రోజులు బోర్లా పడుకునే ఉన్నాడంట. ఇంకో మాట చెప్పింది, నేను అడక్కుండానే, "దొడ్లో ఆయన ఉచ్చ పోసిన చోట చీమలు బారులు కట్టేవంట రా" అని.

మందుల చీటీ:
చీమలా! అయితే షుగరే అనిపిస్తోంది. అయినా సరే ఆ గడిలో మాత్రం రాయొద్దంటాను. అది సరే, మీ వయసెంత?

పెన్నా ఒడ్డు:
43 సార్. గడిలో రాచపుండు అనే పెట్టా, బావ వేలు పెట్టకుండా లాక్ కూడా చేశా. చీమల సంగతి కింద నోట్‌లో రాశా, ఎవరు చెప్పారో కూడా. రేపు పొద్దున పరగడుపున పోయి రక్తం ఇచ్చొస్తా.