వైబ్రేషన్ ఆగిపోయిన టాబ్లెట్‌ను విప్పేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయాలా, అక్కర్లేదా?

వేకువపిట్ట (ప్రశ్న)

మా నాన్నగారికి వినికిడి బాగా తగ్గింది. ఆయన మూడేళ్లుగా వాడుతున్న ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో సందేశం వచ్చిందన్నా, అలారం మోగిందన్నా ఆయనకు తెలిసేది వైబ్రేషన్ వల్లనే. రాత్రిళ్లు దాన్ని ఛార్జింగ్‌లో ఉంచి, దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. పది రోజులుగా వైబ్రేషన్ పూర్తిగా ఆగిపోయింది. స్పీకరు, తెర, కెమెరా అన్నీ సక్రమంగానే ఉన్నాయి. సెట్టింగుల్లో వైబ్రేషన్ ఆన్‌లోనే ఉంది, డు నాట్ డిస్టర్బ్ ఆఫ్‌లో ఉంది, రెండుసార్లు రీస్టార్ట్ కూడా చేశాను. మరమ్మతు చేసే ఆయనకు ఫోన్ చేస్తే, ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి తీసుకురమ్మన్నారు, అది చేయకుండా విప్పనన్నారు. నాన్నగారు పెన్నుతో రాసుకున్న నోట్సు అంతా అందులోనే ఉంది. రీసెట్ నిజంగా తప్పనిసరా?

నిదానం

తప్పనిసరి అనే నా అభిప్రాయం. టాబ్లెట్ విప్పడమంటే జిగురుతో అతికించిన అంచును వేడిచేసి లేపడం, ఆ పనిలో తెర పగిలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అంత దూరం వెళ్లేముందు లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదని రూఢి చేసుకోవాలి కదా. నా టాబ్లెట్‌లో ఒక అప్‌డేట్ తర్వాత ఇలాగే వైబ్రేషన్ ఆగిపోయి, రీసెట్ చేయగానే తిరిగి వచ్చింది. నోట్సును ముందుగా కాపీ చేసుకుంటే పోయేదేమీ లేదు, ఒక పూట శ్రమ తప్ప.

కోడుపుంజు

నిదానం గారూ, మీ అనుభవాన్ని కాదనను గానీ, దాని నుంచి తీసిన నియమంతో ఏకీభవించలేను. ఫ్యాక్టరీ రీసెట్ మన డేటాను, మనం పెట్టుకున్న యాప్‌లను, మార్చుకున్న సెట్టింగులను తుడిచేస్తుందే తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌ను పాత వెర్షన్‌కు తీసుకుపోదు. అప్‌డేట్‌తో వచ్చిన డ్రైవరులోనే, అంటే మోటారును నడిపే ప్రోగ్రాములోనే, లోపముంటే రీసెట్ తర్వాత కూడా అదే డ్రైవరు అక్కడే ఉంటుంది. మీకు పని చేసిందంటే ఏదో ఒక సెట్టింగో, యాప్‌లో పేరుకున్న డేటానో దెబ్బతిని ఉండాలి. ఆ ఒక్కదాని కోసం మొత్తం తుడిచేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టడమే.

వేకువపిట్ట గారూ, సందేశం రావడానికి, టాబ్లెట్ కంపించడానికి మధ్య చాలా మెట్లున్నాయి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఒకే యాప్‌లోని ఒక్కో రకం నోటిఫికేషన్‌కు వైబ్రేషన్ విడివిడిగా ఉంటుంది, దాన్ని మనం ఆపేస్తే ఆ యాప్ తనంతట తాను తిరిగి ఆన్ చేయలేదు. కీబోర్డు కంపనానికి మళ్లీ కీబోర్డు సెట్టింగుల్లోనే వేరే మీట ఉంటుంది. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే స్పర్శకు వచ్చే కంపనాన్ని సిస్టమే ఆపేస్తుంది, చాలామంది దీన్ని గమనించరు, ఎందుకంటే నిర్ణీత శాతానికి ఛార్జింగ్ దిగగానే అది తనంతట తానే ఆన్ అయ్యేలా పెట్టుకుని మరచిపోతారు. అందువల్ల రెండు పరీక్షలు చేయండి. బ్యాటరీ సేవర్ తీసేసి, గడియారం యాప్‌లో వైబ్రేట్ గడికి టిక్ పెట్టి, ఒక నిమిషం తర్వాతకు అలారం పెట్టండి. అప్పుడూ కదలకపోతే సేఫ్ మోడ్‌లో మళ్లీ అదే పని చేయండి. సేఫ్ మోడ్‌లో బయటి యాప్‌లేవీ నడవవు, డేటా మాత్రం చెక్కుచెదరదు.

పలకాబలపం

అసలు అన్ని టాబ్లెట్లలోనూ వైబ్రేషన్ మోటారు ఉండదు. ఏ ఐప్యాడ్‌లోనూ అది లేదు, ఆండ్రాయిడ్ టాబ్లెట్లలోనూ చాలావాటిలో లేదు. ఇది ఇంతకుముందు కంపించేదని మీరు కచ్చితంగా చెప్పగలరా?

వేకువపిట్ట

కంపించేది, అందులో సందేహం లేదు. దిండు కింద గుర్రుమంటుంటే పక్క మంచం మీద ఉన్న నాకు కూడా మెలకువ వచ్చేది.

టంకము

ఇటువంటివి నేను చాలానే విప్పాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను. మోటార్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి చొక్కా గుండీలా ఉంటుంది, వ్యాసం దాదాపు 10 మిల్లీమీటర్లు. దాని ఇరుసుకు ఒకపక్కకు బరువు తూగేలా చిన్న లోహపు ముక్క ఉంటుంది, సుమారు 3 వోల్టులు అందగానే అది గిర్రున తిరిగి మొత్తం పరికరాన్ని కుదిపేస్తుంది. రెండోదాంట్లో తిరిగేదేమీ ఉండదు. స్ప్రింగుకు కట్టిన అయస్కాంతం తీగచుట్ట పక్కన సెకనుకు 150 నుంచి 250 సార్ల వరకు ఊగుతుంది. మొదటి రకంలో తిరిగే భాగానికి విద్యుత్తు అందించే బ్రష్‌లు అరిగిపోతాయి, లేదా కింద పడినప్పుడు బరువు జారి ఇరుక్కుంటుంది. రెండో రకం అరగదు గానీ గట్టి దెబ్బ తగిలితే స్ప్రింగు తన లయ తప్పి, కంపనం నీరసపడుతుంది. రెండింటికీ సామాన్యంగా వచ్చే జబ్బు మోటారులో కాదు, దాన్ని బోర్డుకు కలిపే చోట ఉంటుంది. కొన్ని మోడళ్లలో మోటారును వెనక మూతకే అతికించి, రెండు చిన్న స్ప్రింగు కాంటాక్టులతో బోర్డును తాకేలా అమరుస్తారు, అవి తుప్పుపట్టినా, మూత కాస్త లేచినా విద్యుత్తు అందదు.

విప్పకుండానే చేయగల పరీక్ష ఒకటుంది. టాబ్లెట్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, అరచేతిలో పట్టుకుని ఆన్ చేయండి. చాలా మోడళ్లు కంపెనీ గుర్తు వచ్చేముందు ఒక్క క్షణం కంపిస్తాయి. ఆండ్రాయిడ్ అప్పటికింకా మొదలుకాదు కాబట్టి మీ సెట్టింగులకూ యాప్‌లకూ దానితో సంబంధం ఉండదు. అప్పుడు కంపిస్తే మోటారు, దాని తీగలు బాగున్నట్టే, లోపాన్ని సాఫ్ట్‌వేర్‌లో వెతకాలి. మునుపు కంపించి ఇప్పుడు కంపించకపోతే నూటికి తొంభై పాళ్లు నా బల్ల మీదికి వచ్చే బాపతు.

వేకువపిట్ట

అందరికీ ధన్యవాదాలు. మూడూ చేశాను. బ్యాటరీ సేవర్ ఆఫ్‌లోనే ఉంది. అలారం మోగింది, వైబ్రేషన్ లేదు. సేఫ్ మోడ్‌లోనూ అంతే. ఆన్ చేసేటప్పుడు వేళ్లకు ఏమీ తగల్లేదు, ఇదివరకు మాత్రం చిన్నగా జర్రుమనేదని నాన్నగారు చెప్పారు.

నిదానం

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆన్ చేసేటప్పటి కంపనం కూడా ప్రోగ్రామే చేయిస్తుంది. అప్‌డేట్‌లు ఆ తొలి ప్రోగ్రామును సైతం మార్చగలవు కాబట్టి, అది ఆగినంత మాత్రాన మోటారు పోయిందని తీర్పు చెప్పలేం.

కోడుపుంజు

మీరన్నది నిజమే. అయితే ఆ తొలి ప్రోగ్రామును అప్‌డేట్ మార్చగలదు గానీ, ఫ్యాక్టరీ రీసెట్ ముట్టుకోదు. అంటే మీ అభ్యంతరాన్ని ఒప్పుకున్నా రీసెట్‌కు బలం చేకూరదు. మరమ్మతుకు ఇచ్చేముందు అపరిచితుల చేతిలో వ్యక్తిగత సమాచారం పడకుండా తుడిచేయమంటే ఆ కారణం వేరు, దాన్ని గౌరవిస్తాను. కానీ లోపం ఎక్కడుందో తేల్చడానికి అది పనికిరాదు.

టంకము

ఇక ఒక్క పని మిగిలింది. అలారం మోగుతుండగా వెనక మూత మీద అక్కడక్కడ వేలితో గట్టిగా నొక్కి, తట్టి చూడండి. ఏదో ఒక చోట నొక్కినప్పుడు కంపనం వచ్చిపోతే కాంటాక్టు వదులైందని అర్థం.

నిదానం

దయచేసి అప్పుడే నొక్కకండి. ప్రశ్నలో ఉన్న ఒక వాక్యాన్ని మనమెవరమూ పట్టించుకోలేదు. ఈ టాబ్లెట్ మూడేళ్లుగా రాత్రంతా ఛార్జింగ్‌లో, దిండు కింద ఉంటోంది. వేడి బయటికి పోయే దారి లేదు. వేడి, నిండు ఛార్జి కలిసి లిథియం బ్యాటరీని తొందరగా ముసలిది చేస్తాయి, అలాంటి బ్యాటరీ లోపల వాయువు చేరి ఉబ్బుతుంది. టంకము గారే మూత కాస్త లేచినా కాంటాక్టు తెగుతుందన్నారు. ఉబ్బిన బ్యాటరీ మీద వేలితో నొక్కితే మంటలు రావచ్చు. ముందు టాబ్లెట్‌ను చదునైన బల్ల మీద పెట్టి, అంచులను కంటి ఎత్తులో చూడండి.

టంకము

మీరు అడ్డుపడటం మంచిదైంది. నేను మొదటే అడగవలసిన ప్రశ్న అది. వేకువపిట్ట గారూ, నా పై సలహాను పక్కన పెట్టండి.

వేకువపిట్ట

ఇప్పుడే చూశాను. కవర్ తీసి, తెర పైకి ఉండేలా బల్ల మీద పెడితే టాబ్లెట్ నాలుగు మూలలా ఆనడం లేదు, ఒక మూల మీద వేలు పెడితే ఎదుటి మూల లేస్తోంది. ఛార్జింగ్ రంధ్రమున్న అంచు పొడవునా సన్నని సందు ఉంది, దాంట్లోకి పోస్టుకార్డు అంచు ఒత్తిడి లేకుండానే దూరింది. ఇన్నాళ్లూ మందపాటి కవర్‌లో ఉండటంతో ఎవరికీ కనబడలేదు.

నోట్సును నిన్ననే కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఉంచాను. టాబ్లెట్‌ను ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేసి, నేల మీద, పరుపులకూ కాగితాలకూ దూరంగా పెట్టాను. మరమ్మతు చేసే ఆయనకు సందు సంగతి చెప్పగానే ఆయన గొంతు మారిపోయింది. రీసెట్ మాట ఎత్తకుండా, మళ్లీ ఆన్ చేయవద్దని, రేపు పొద్దున్నే అలాగే తెచ్చేయమని అన్నారు.

టంకము

కొత్త బ్యాటరీ వేసి మూత సరిగ్గా కూర్చోబెట్టిన తర్వాత, అతికించేముందే ఒకసారి ఆన్ చేసి కంపనం చూపించమని అడగండి. అప్పటికీ రాకపోతే మోటారు రెండు కొనలకూ మల్టీమీటరు పెట్టి విద్యుత్ నిరోధం చూడమనండి. కొద్ది ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల వరకు ఎంత చూపించినా తీగచుట్ట బతికున్నట్టే, ఏ అంకే చూపకపోతే మోటారు మార్చాలి. మూత తెరిచే ఉంటుంది కాబట్టి మళ్లీ విప్పే పని తప్పుతుంది.