ఫ్యామిలీ రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ ఛార్జ్: తీసేయమని ఎప్పుడైనా అడిగారా?

అరిటాకు:
ఆదివారం అత్తయ్య, మామయ్యలతో భోజనానికి వెళ్లాం. ఎప్పుడూ వెళ్లే చోటే, కాకపోతే ఈమధ్య ఏసీ పెట్టి మెనూ కార్డు మార్చారు. తిండికి వంక పెట్టడానికి లేదు. బిల్లు చూస్తే ‘ఎస్‌సి 10%’ అని ఒక లైను, దాని కింద జీఎస్టీ. 1,800 రూపాయల భోజనానికి 2,079 వేశారు. ఎస్‌సి ఏమిటని అడిగితే ‘గవర్నమెంట్ టాక్స్ మేడమ్’ అన్నాడు తెచ్చిన కుర్రాడు. నేను ఇంకో మాట అనేలోపే మామయ్య ‘పోనీలేమ్మా’ అంటూ పర్సు తీసేశారు. ఇది నిజంగా టాక్సేనా? మీలో ఎవరైనా తీయించుకున్నారా? ఎలా అడిగారు?

లెక్కలమాస్టారు:
టాక్స్ కాదండీ, ఎస్‌సి అంటే సర్వీస్ ఛార్జ్. ప్రభుత్వానికి వెళ్లేది జీఎస్టీ ఒక్కటే, ఆ పది శాతం హోటల్ వాళ్లకే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ ఛార్జ్‌ని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు. ఇస్తే కస్టమర్ ఇష్టపడి ఇవ్వాలి. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్లాయి, మధ్యలో స్టే కూడా వచ్చింది. చివరికి 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాళ్ల పిటిషన్లు కొట్టేసింది. సంఘాలు దాని మీద అప్పీలుకు వెళ్లాయి, అది వేరే సంగతి.

మీ బిల్లులో ఇంకో తిరకాసు ఉంది. 1,800 మీద 180 కలిపి, ఆ 1,980 మీద 5 శాతం జీఎస్టీ, అంటే 99 వేశారు. ఎస్‌సి లేకపోతే జీఎస్టీ 90తో 1,890 అయ్యేది. మీరు కట్టిన తేడా 180 కాదు, 189.

మిరియాలచారు:
189 రూపాయల కోసం పెద్దవాళ్ల ముందు మేనేజర్‌తో గొడవా? నేనైతే కట్టేస్తాను. ఇంటిల్లిపాదీ కలిసి బయట తినేదే ఎప్పుడో ఒకసారి. బిల్లు దగ్గర రచ్చ చేస్తే తిన్నదంతా చేదవుతుంది.

చింతచిగురు:
గొడవ ఎందుకవుతుంది మిరియాలచారు గారూ? నేను టేబుల్ దగ్గర అస్సలు అడగను. భోజనం అయిపోతుండగా చేతులు కడుక్కోవడానికి లేచి, అటునుంచటే కౌంటర్ దగ్గరికి వెళ్లి ‘మా టేబుల్ బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలపకండి’ అని చెప్పొస్తాను. మావాళ్లకి ఆ సంగతే తెలియదు. ఎక్కువ చోట్ల మాట్లాడకుండా తీసేస్తారు, వాళ్లకీ రూలు తెలుసు. ఒక చోట మాత్రం ‘మెనూ కార్డు మీద రాశాం కదా సార్, చదివే కదా కూర్చున్నారు’ అని వాదనకి దిగారు. కార్డు మీద రాసుకున్నంత మాత్రాన కట్టి తీరాలని లేదు, ఇష్టముంటేనే కదా అన్నాను. నసుగుతూనే మళ్లీ ప్రింట్ తీశాడు. ఇంకో చోట ‘ఈసారికి తీసేస్తాం సార్’ అన్నారు, ఏదో దయ తలచినట్టు!

కౌంటర్‌వెనక:
కొన్నేళ్లు హోటల్లో కెప్టెన్‌గా, అంటే వెయిటర్ల మీద పెద్దగా చేశాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను. బిల్లు తెచ్చే కుర్రాడిని అడిగి లాభం లేదు. వాడి చేతిలో ఏమీ ఉండదు, ‘గవర్నమెంట్ టాక్స్’ అనమని వాడికి ఎవరో నేర్పి ఉంటారు. కెప్టెన్‌ని గానీ క్యాషియర్‌ని గానీ అడగండి. డబ్బు కట్టకముందే అడగడం ముఖ్యం. కట్టేశాక బిల్లు క్యాన్సిల్ చేయాలంటే మేం పనిచేసిన చోట ఓనర్ పాస్‌వర్డ్ కావాల్సి వచ్చేది, ఆయన ఆ టైముకి ఉండడు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెబితే ఇంకా సుఖం.

ఆ డబ్బు ఎవరికి పోతుందంటారా, నేను చేసిన ఒక చోట నెలాఖరున అందరికీ పంచేవారు. కిచెన్ వాళ్లకీ, గిన్నెలు తోమేవాళ్లకీ కూడా వాటా ఉండేది. టిప్పు అలా కాదు, టేబుల్ దగ్గర నిలబడ్డవాడికే అందుతుంది, పొయ్యి దగ్గర మాడేవాడికి రాదు. ఆ లెక్కన సర్వీస్ ఛార్జ్ మంచిదే అనిపించేది. తర్వాత మారిన చోట మాకు పైసా ఇవ్వలేదు, బిల్లులో మాత్రం వేసేవారు. కస్టమర్ ‘సర్వీస్ ఛార్జ్ కట్టాం కదా’ అని టిప్పు కూడా ఇవ్వడు. రెండు వైపులా మేమే మునిగాం.

మిరియాలచారు:
ఇది నాకు తెలియదు. అయితే తీయించేసి, అందులో సగం ఆ కుర్రాడి చేతిలో పెట్టడం నయం.

గోంగూరపచ్చడి:
మాస్టారూ, నాదో సందేహం. మా వీధి చివర చిన్న మెస్ ఉంది. బిల్లు చేత్తో రాసిచ్చి, కింద జీఎస్టీ 5% కలుపుతారు. జీఎస్టీ నంబరు మాత్రం కనబడదు. అడగొచ్చా?

లెక్కలమాస్టారు:
తప్పకుండా అడగండి. నంబరు లేనివాళ్లు జీఎస్టీ వసూలు చేయడానికే లేదు. నంబరు ఉన్నా సరే, కాంపోజిషన్ స్కీములో ఉంటే కస్టమర్ దగ్గర తీసుకోకూడదు. ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్న చిన్న హోటళ్లు ఈ స్కీములో చేరొచ్చు. వాళ్లు 5 శాతం సొంత జేబులోంచి కట్టాలి. బిల్లు పైన ‘కాంపోజిషన్ టాక్సబుల్ పర్సన్’ అని రాయాలి కూడా. నంబరు దొరికితే జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, రెగ్యులరా కాంపోజిషనా అక్కడే తెలుస్తుంది.

మామూలు హోటళ్లకి ఏసీ ఉన్నా లేకున్నా 5 శాతమే, 2017 నవంబర్ 15 నుంచి. ‘ఏసీ హాలు కాబట్టి 18’ అని ఎవరైనా అంటే నమ్మకండి. గదుల అద్దె బాగా ఎక్కువుండే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లకే ఆ 18.

ఆవకాయన్నం:
నీళ్ల సీసా సంగతేంటి? 20 రూపాయల బాటిల్‌కి 40 వేశారు. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోకూడదు కదా?

లెక్కలమాస్టారు:
కూర్చుని తినే చోట తీసుకోవచ్చండీ. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు హోటళ్ల వైపే వచ్చింది. కూర్చోగానే సీల్ తీసేలోపు ‘మామూలు నీళ్లు చాలు’ అనేయడమే మార్గం.

అరిటాకు:
అందరికీ థాంక్సండీ. కట్టేసిన బిల్లు మీద ఇప్పుడు ఏమైనా చేయొచ్చా?

చింతచిగురు:
1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మా తమ్ముడు బిల్లు ఫొటో పెట్టి ఫిర్యాదు రాశాడు. కొన్నాళ్లకి హోటల్ నుంచే ఫోన్ వచ్చింది, సర్వీస్ ఛార్జ్ వరకు వెనక్కి పంపారు.

అరిటాకు:
మామయ్య ఫోన్‌లో కార్డు పేమెంట్ మెసేజ్ ఉంది, కాగితం ఆయన దగ్గరుందో లేదో. మెసేజ్ సరిపోతుందా?

కౌంటర్‌వెనక:
దాంట్లో మొత్తం ఒక్కటే ఉంటుంది మేడమ్, ఎస్‌సి విడిగా కనబడదు. హోటల్‌కే వెళ్లి తేదీ, టైము, కట్టిన మొత్తం చెప్పి డూప్లికేట్ అడగండి, సిస్టమ్‌లో ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే రద్దీ ఉండదు, క్యాషియర్ కాస్త తీరుబడిగా వెతికిస్తాడు.