లైట్ వేస్తే ఆయిల్ టెంపరేచర్ పెరుగుతోంది: ఇలాగే ఆష్‌కాష్ వెళ్ళొచ్చా?

తెనాలి_టైల్‌వీల్:
కిట్ తెచ్చి నాలుగేళ్ళు గరాజ్‌లో కట్టుకున్న చిన్న విమానం నాది, ఆర్‌వీ-7. ఓ-360 ఇంజిన్, ఇప్పటికి 210 గంటలు ఎగిరింది. నెల రోజులుగా ఒకటే తలనొప్పి. గాల్లో ఆయిల్ టెంపరేచర్ 190 ఫారన్‌హీట్ దగ్గర నిలకడగా ఉంటుంది. ల్యాండింగ్ లైట్ వేయగానే ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది, పిటో హీట్ (వేగం కొలిచే గొట్టానికి మంచు పట్టకుండా ఉంచే హీటర్) కూడా వేస్తే 206. రెండూ ఆపితే వెంటనే 190. నూనె అంత గబుక్కున వేడెక్కి చల్లారదు కదా. సెన్సర్ మార్చాను, అయినా అదే వరస. వచ్చే వారం కొలంబస్ నుంచి ఆష్‌కాష్‌లో జరిగే విమానాల జాతర ఎయిర్‌వెంచర్‌కి బయల్దేరాలి. గేజ్ తప్పు చూపిస్తోందని తెలుసు కాబట్టి లైట్ వేయకుండా వెళ్ళిపోవచ్చా?

వైరింగ్_బాబాయ్:
సెన్సర్ కాదు బాబూ, గ్రౌండ్, అంటే కరెంటు తిరిగొచ్చే దారి. నీ సెన్సర్‌కి ఒక్కటే తీగ, కరెంటు తిరిగి వెళ్ళేది ఇంజిన్ ఒంటి మీంచే. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కూడా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి లైట్ వాడిన కరెంటంతా ఎయిర్‌ఫ్రేమ్ (విమానం ఒళ్ళు) నుంచి గ్రౌండ్ స్ట్రాప్ అనే పట్టీ గుండా ఇంజిన్‌కి తిరిగి రావాలి. ఆ స్ట్రాప్ దగ్గర కాస్త రెసిస్టెన్స్ ఉన్నా ఇంజిన్ వోల్టేజి ఎయిర్‌ఫ్రేమ్ కంటే కిందికి జారుతుంది, గేజ్ దాన్ని వేడి అనుకుంటుంది. లోడ్ పెరిగే కొద్దీ అంకె పెరుగుతోందంటేనే అర్థమవుతోంది. ఇంజిన్ ఆపి, బ్యాటరీ మీద లైట్ వేసి చూడు. అంకె కదలకపోతే నేను చెప్పిందే.

ఒంగోలు_ఆర్‌వీ10:
రెండు తీగల సెన్సర్ వేస్తే ఈ గొడవే ఉండదు. అసలు ప్యానెల్ పని తెలిసిన షాపుకి ఇస్తే ఇన్ని తిప్పలు ఎందుకండీ?

తెనాలి_టైల్‌వీల్:
బాబాయ్ గారూ, ఇంజిన్ ఆపి చూశాను, కదల్లేదు. కానీ గ్రౌండ్ బాగానే ఉంది. ఇంజిన్ కేస్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి మల్టీమీటర్ పెడితే 0.1 ఓమ్ చూపించింది.

వైరింగ్_బాబాయ్:
0.1 ఓమ్ అంటే బాగున్నట్టు కాదు! 20 ఆంపియర్లు పోతే రెండు వోల్టులు అక్కడే పోతాయి. అయినా అది నిజమైన అంకె కాదులే, నీ మీటర్ తీగలకే అంత ఉంటుంది. మిల్లీఓమ్‌లు మామూలు మీటర్‌తో ఓమ్స్‌లో కొలవలేం. కరెంటు పారుతుండగా వోల్టేజి కొలవాలి.

హ్యూస్టన్_హ్యాంగర్:
అందరి మీటర్లూ ఒకటి కాదండీ. నాది మంచి మీటర్. రెండు ప్రోబ్‌లూ కలిపి జీరో చేసి కొలుస్తా, ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

వైరింగ్_బాబాయ్:
జీరో చేస్తే తీగల లెక్క పోతుంది. కానీ మీటర్ పంపే కరెంటు ఎంత? మిల్లీఆంపియర్లు! అంత చిన్న కరెంటుకి బాగానే కనిపించే జాయింటు స్టార్టర్ కరెంటుకి చేతులెత్తేస్తుంది.

హ్యూస్టన్_హ్యాంగర్:
నేను మీటర్ గురించి అన్నాను, జాయింటు గురించి కాదు.

తెనాలి_టైల్‌వీల్:
మీటర్ గొడవ పక్కన పెట్టండి ప్లీజ్. నా ప్రశ్న ఒక్కటే, ఎగరొచ్చా? నేనే కట్టాను, దాన్ని నేనే తనిఖీ చేసుకోవచ్చనే రిపేర్‌మన్ సర్టిఫికెట్ నా పేరు మీదే ఉంది, ఏటా కండిషన్ ఇన్‌స్పెక్షన్ సంతకమూ నాదే. అంకె ఎప్పుడు తప్పు చూపిస్తుందో నాకు తెలుసు.

ఒంగోలు_ఆర్‌వీ10:
ఆ సంతకం గురించే నా బాధ. సగం కట్టిన కిట్ కొన్నాను నేను. కట్టినాయన నాకు అంతా తెలుసు అనే రకం. తీగలన్నీ తెల్లవే, ఒక్కదానికీ లేబుల్ లేదు, డ్రాయింగ్ అసలే లేదు. గ్రౌండ్‌లు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ స్క్రూ కింద పెట్టాడు. అదంతా పీకి మళ్ళీ వేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. సొంతంగా చేశాం అని గర్వపడేవాళ్ళు తర్వాత ఎక్కేవాడి గురించి ఆలోచించరు.

తెనాలి_టైల్‌వీల్:
ఎవరో చేసిన పాపానికి నన్నెందుకు అంటున్నారు? ప్రతి తీగా విమానాలకి వాడే టెఫ్‌జెల్ తొడుగుదే, ప్రతిదానికీ రెండు చివర్లా నంబరు, డ్రాయింగ్ కాగితాలు ఫైల్లో ఉన్నాయి. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని తీగ చివర నొక్కి బిగించే క్రింప్ ఒక్కోటీ లాగి చూసి చేశాను. నా పని చూడకుండా నా సంతకాన్ని అనొద్దు.

డెన్వర్_అక్క:
తమ్ముడూ, ఒక్క మాట. పక్క సీట్లో ఎవరు?

తెనాలి_టైల్‌వీల్:
నాన్న. 71 ఏళ్ళు. ఈ విమానం కోసమే వచ్చారు అక్కా, వచ్చే నెల మొదటివారంలో తిరుగు టికెట్. రివెట్ తుపాకీ చప్పుడు ఫోన్లో వింటూ నాలుగేళ్ళు ఎదురుచూశారు. మళ్ళీ వస్తారో రారో తెలియదు.

డెన్వర్_అక్క:
అదీ విషయం. మీటర్ గురించి ఇంతసేపు కొట్టుకున్నాం గానీ అడగాల్సింది ఇదే. నా సంగతి చెప్తాను. ఒకసారి వోల్టేజి 12.9కి, 14.2కి మధ్య ఊగుతుంటే గేజ్‌లో ఏదో లోపం అనుకుని మా అమ్మాయిని ఎక్కించుకుని బయల్దేరాను. తప్పు గేజ్‌ది కాదు, ఆల్టర్నేటర్ ఫీల్డ్ తీగ క్రింప్‌లో వదులు. చీకటి పడుతుండగా రేడియో పోయింది. టవర్ వాళ్ళు పచ్చ లైటు చూపిస్తే దిగాను. మా అమ్మాయి ఆ తర్వాత ఏడాది పాటు విమానం ఎక్కలేదు. ఆష్‌కాష్‌లో దిగే దారిలోని ఫిస్క్ దగ్గర అందరూ అర మైలు ఎడంతో, 90 నాట్ల వేగంతో, 1,800 అడుగుల్లో వరసగా వెళ్తుంటారు. అక్కడ నువ్వు పక్కవాళ్ళకి కనిపించేలా చేసే లైట్ ఆపుకుని వెళ్తావా?

వైరింగ్_బాబాయ్:
ఇంకొకటి అడగాలి. స్టార్టర్ ఎలా తిరుగుతోంది?

తెనాలి_టైల్‌వీల్:
నీరసంగా. బ్యాటరీ పాతబడిందని పోయిన నెల కొత్తది వేశాను. పెద్దగా తేడా రాలేదు.

వైరింగ్_బాబాయ్:
అయ్యో, ఇది మొదట్లోనే చెప్పాల్సింది. రెండూ ఒకటే జబ్బు. స్ట్రాప్ బాగా లేకపోతే స్టార్టర్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఇంజిన్ పవర్ సర్దే థ్రాటిల్ కేబుల్, ఇంధనం పాళ్ళు సర్దే మిక్స్చర్ కేబుల్ కూడా ఇంజిన్‌ని ఎయిర్‌ఫ్రేమ్‌కి కలిపేవే కదా. వాటి గుండా పారితే అవి వేడెక్కి లోపల పాడవుతాయి. గేజ్ తప్పు అని తెలుసన్నావే, థ్రాటిల్ కేబుల్ లోపల ఏం జరుగుతోందో తెలుసా? ఇంజిన్ కేస్‌కి, బ్యాటరీ నెగటివ్ బోల్టుకి క్లిప్పులు పెట్టి, పొడుగు తీగలు ప్రొపెల్లర్‌కి దూరంగా కట్టి కాక్‌పిట్‌లోకి తెచ్చుకో. ఇంజిన్ నడుస్తుండగా లోపల కూర్చునే కొలువు. లోడ్ లేకుండా ఒకసారి, అన్నీ వేసి ఒకసారి.

తెనాలి_టైల్‌వీల్ (రెండు రోజుల తర్వాత):
కొలిచాను. ఆమీటర్ 8 ఉన్నప్పుడు 0.11 వోల్టులు. లైట్, పిటో హీట్ వేస్తే 28 ఆంపియర్లు, 0.42 వోల్టులు. అంటే 15 మిల్లీఓమ్‌లు. స్టార్టర్ 150 లాగితే రెండు వోల్టుల పైనే అక్కడే పోతున్నాయి, నీరసంగా తిరగక ఏం చేస్తుంది. స్ట్రాప్ విప్పితే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) వైపు బాగానే ఉంది. ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంట్ వైపు లగ్ (స్ట్రాప్ చివరి రింగు) కింద కరెంటు పారనివ్వని పెయింట్ పొర, పౌడర్ కోటింగ్, అలాగే ఉంది. మూడేళ్ళ కిందట గీకాలనుకుని మర్చిపోయాను. ఇన్నాళ్ళూ కరెంటు బోల్టు మర మీదే నడిచింది. ఇప్పుడు మౌంట్ వదిలేసి స్ట్రాప్‌ని నేరుగా ఇంజిన్ కేస్‌కి బిగించాను. అదే 28 ఆంపియర్లకి 0.02 వోల్టులు. అన్నీ వేసినా టెంపరేచర్ 190 దగ్గరే. థ్రాటిల్ కేబుల్ విప్పి చూస్తే ఒక చోట పైతొడుగు మెత్తబడి ఉంది. కొత్తది ఆర్డర్ పెట్టాను, శుక్రవారం వస్తుంది.

హ్యూస్టన్_హ్యాంగర్:
దొరికింది కదా, కేబుల్ వేసి శనివారం నాన్నగారిని ఎక్కించుకుని బయల్దేరండి.

తెనాలి_టైల్‌వీల్:
లేదన్నా. కొత్త కేబుల్‌తో ముందు ఒక్కడినే కొన్ని గంటలు ఎగరాలి. ఆష్‌కాష్‌కి కారులో వెళ్తున్నాం, తొమ్మిది గంటల దారి. నాన్నకి చెప్పాను, ఒక పూటంతా మాట్లాడలేదు. వచ్చాక అంతా బాగుంటే సాయంత్రం పూట మా ఎయిర్‌పోర్టు చుట్టూ తిప్పుతాను. ఒంగోలు అన్నా, లగ్ కింద పెయింట్ వదిలేసింది నేనే, ఆ ముక్క ఒప్పుకుంటాను.

ఒంగోలు_ఆర్‌వీ10:
నేనూ కాస్త గట్టిగానే అన్నాను. కానీ షాపు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

వైరింగ్_బాబాయ్:
షాపు వాళ్ళూ పెయింట్ మీద లగ్ బిగించడం నేను చూశాను, ఆ చర్చ ఇంకోసారి. తమ్ముడూ, మిక్స్చర్ కేబుల్ కూడా విప్పి చూశావా?